పానా ఎవరి చేతిలో ఉండాలి? – హారీ ఫెర్గూసన్ జీవితం

మన ఊళ్లో ఏ ట్రాక్టరు వెనక్కైనా వెళ్లి చూడండి. కింద రెండు చేతులు, పైన ఒక చెయ్యి కనిపిస్తాయి. గొర్రయినా, నాగలయినా, రోటవేటరయినా ఆ మూడు చేతులకే తగిలిస్తాం. సీటు పక్కన మీట ఎత్తితే పనిముట్టు పైకి లేస్తుంది, దించితే నేలలోకి దిగుతుంది. ట్రాక్టరు ఏ కంపెనీదైనా, ఏ రంగుదైనా, వెనక ఈ ఏర్పాటు మాత్రం దాదాపు ఒక్కటే.

దీన్ని ప్రపంచానికి ఇచ్చినవాడు హారీ ఫెర్గూసన్. అతను చనిపోయి 6 దశాబ్దాలు దాటింది. అతను శ్రామికుల పక్షం మనిషి కాడు. ఐర్లండ్ స్వపరిపాలనను వ్యతిరేకించినవాడు, ఫ్యాక్టరీలు పెట్టి కోట్లు గడించినవాడు. ఐనా అతని కథ వ్యవసాయ కార్మికులకు తెలియాలని మేం అనుకుంటున్నాం. ఎందుకంటే ట్రాక్టరు తోలేది మనవాళ్లే. దాని కింద దూరి బోల్టులు విప్పేది మనవాళ్లే. అది తిరగబడితే దాని కింద నలిగేదీ మనవాళ్లే.

పొలం వదిలి షెడ్డుకు

ఫెర్గూసన్ 1884 నవంబరు 4న ఐర్లండ్ ఉత్తర భాగాన డౌన్ జిల్లాలో గ్రోవెల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి రైతు, ఇంట్లో మత నిష్ఠ ఎక్కువ. పదకొండు మంది పిల్లల్లో ఇతను నాలుగోవాడు. పద్నాలుగేళ్లకే బడి మాన్పించి పొలం పనిలో పెట్టారు. గుర్రాల వెనక నడిచి దున్నడం, రాళ్లు ఏరడం, పశువుల చాకిరీ - ఈ పని అతనికి సయించలేదు. ఇల్లు వదిలి కెనడా పోదామనుకున్నాడు. ఈలోగా బెల్‌ఫాస్టులో సైకిళ్లూ కార్లూ బాగుచేసే షెడ్డు పెట్టిన అన్న 1902లో అతన్ని పనిలోకి పిలిచాడు.

అక్కడే అతనికి పానా పట్టడం వచ్చింది. చెడిపోయిన ఇంజన్ శబ్దం విని జబ్బు ఎక్కడుందో చెప్పగలిగే స్థితికి వచ్చాడు. సొంతంగా విమానం తయారుచేసి 1909 డిసెంబరు 31న ఎగిరాడు. ఐర్లండ్‌లో విమానం ఎగిరిన మొదటివాడు అతనే. 1911లో బెల్‌ఫాస్టులో సొంత గరాజు పెట్టాడు. అక్కడ విల్లీ సాండ్స్ అనే మెకానిక్కు తోడయ్యాడు. తర్వాత ఫెర్గూసన్ పేరుతో వచ్చిన యంత్రాల్లో సాండ్స్ చేతిపని చాలా ఉంది. కానీ పేరు యజమానికే దక్కింది. ఇది మనకు కొత్త సంగతేమీ కాదు.

మనిషిని చంపే యంత్రం

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ జలాంతర్గాములు ఓడలను ముంచుతుంటే బ్రిటన్‌కు తిండి కరువొచ్చింది. ఉన్న నేలంతా దున్నక తప్పలేదు. అమెరికా నుంచి ట్రాక్టర్లు దిగాయి. 1917లో ఐర్లండ్‌లో ట్రాక్టరు దుక్కి ఎలా సాగుతోందో చూసి బాగుచేయమని ప్రభుత్వం ఫెర్గూసన్‌ను కోరింది. సాండ్స్‌ను వెంటబెట్టుకుని అతను పొలాలన్నీ తిరిగాడు.

అక్కడ చూసినదేమిటి? అప్పటి ట్రాక్టరు గుర్రానికి బదులు ఇనుము, అంతే. బండెడు బరువున్న నాగలిని గొలుసుతోనో కడ్డీతోనో వెనక కట్టి ఈడ్చేవారు. చక్రాలు జారకుండా ఉండాలని ట్రాక్టరును మరింత బరువుగా చేసేవారు. ఆ బరువుకు నేల గట్టిపడేది. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. నాగలి కర్రు రాతికో వేరుకో తగిలి ఆగిపోతే ఇంజన్ ఆగదు. వెనక చక్రాలు కదలవు కాబట్టి ట్రాక్టరు ముందు భాగమే గాలిలోకి లేస్తుంది. ఒక్క లిప్తలో వెల్లకిలా తిరగబడి తోలేవాణ్ణి కింద పడేసి నలిపేస్తుంది. 1917లో ఫోర్డ్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన చవక ట్రాక్టరు ఫోర్డ్‌సన్‌కు ఈ విషయంలో చెడ్డపేరుంది.

నాగలీ ట్రాక్టరూ వేరువేరుగా ఉన్నంతకాలం ఇది తప్పదని ఫెర్గూసన్ తేల్చాడు. రెంటినీ కలిపి ఒకే యంత్రంగా చేయాలి. ఈ ఒక్క ఆలోచన వెనక అతను దాదాపు ఇరవై ఏళ్లు తిరిగాడు.

మేడి పట్టిన చెయ్యి

అతను కనిపెట్టింది అర్థం కావాలంటే మన అరక దున్నేవాణ్ణి గుర్తుచేసుకుంటే చాలు. అనుభవమున్న వాడు మేడి మీద చెయ్యి ఒకే బరువుతో ఉంచడు. నేల గట్టిగా తగిలితే కాస్త తేలుస్తాడు, మెత్తబడితే మళ్లీ నొక్కుతాడు. ఎద్దుల మీద భారం పెరగకుండా చూసుకుంటాడు. ఆ తెలివి అతని అరచేతిలో ఉంటుంది.

ఫెర్గూసన్ ఆ అరచేతి తెలివినే ఇనుములో పెట్టాడు. నాగలిని కింద రెండు చేతులు లాగుతాయి. మట్టి ఎదురు తన్నే కొద్దీ నాగలి ముందుకు తిరగబడాలని చూసి పై చేతిని ముందుకు నెడుతుంది. ఆ పై చెయ్యి చివర ఒక స్ప్రింగు, స్ప్రింగుకు హైడ్రాలిక్ కవాటం. నేల గట్టిగా తగిలితే స్ప్రింగు నొక్కుకుంటుంది, కవాటం కదులుతుంది, నాగలి కొంచెం తేలుతుంది. మెత్తబడితే తిరిగి దిగుతుంది. పైగా నాగలి భారం వెనక చక్రాల మీదికి వచ్చి అవి నేలను గట్టిగా పట్టుకుంటాయి. పై చెయ్యి నెట్టే నెట్టుడు ట్రాక్టరు ముందు చక్రాలను లేవనీయదు. అంటే తేలికైన చిన్న ట్రాక్టరు పెద్ద ట్రాక్టరు చేసే పని చేస్తుంది, మనిషినీ చంపదు. హైడ్రాలిక్‌తో దుక్కి లోతును అదుపుచేసే ఈ పద్ధతికి 1926లో అతనికి పేటెంటు దక్కింది.

ఇంకో విశేషం ఉంది. పనిముట్టు మార్చడానికి మూడు పిన్నులు తీసి పెడితే సరి. నాగలి లోతూ వెడల్పూ సర్దుకోవడానికి ట్రాక్టరుతోపాటే ఒక పానా ఇచ్చేవారు. దాని రెండు చివరలూ ముఖ్యమైన నట్లకు సరిపోయేవి, పిడి మీద అంగుళాల గుర్తులుండేవి. కొలబద్దా అదే, పానా అదే. రైతుకు రోజూ అవసరమయ్యే సర్దుబాట్లలో చాలా భాగం దానితోనే అయ్యేవి. షెడ్డులో పని నేర్చిన మనిషి గనుకనే, తోలేవాడి చేతిలో పానా ఉండాలని అతనికి తట్టింది.

చేతులు కలిపిన బేరం

1936లో ఇంగ్లండులో డేవిడ్ బ్రౌన్ అనే పారిశ్రామికుడితో కలిసి ఈ పద్ధతి ట్రాక్టర్లు తీశాడు. సుమారు 1,350 మాత్రమే తయారయ్యాయి, భాగస్వాములకు చెడింది. 1938 అక్టోబరులో ఒక ట్రాక్టరును అమెరికా తీసుకుపోయి డియర్‌బోర్నులో హెన్రీ ఫోర్డ్ ముందు దున్ని చూపించాడు. ఫోర్డ్ మెచ్చాడు. కాగితం రాసుకోలేదు, చేతులు కలుపుకున్నారు. ఫోర్డ్ తయారుచేయాలి, ఫెర్గూసన్ అమ్ముకోవాలి. 1939లో బయటికొచ్చిన ఆ ట్రాక్టర్లు 1947 దాకా 3 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి.

1947లో ముసలి ఫోర్డ్ చనిపోయాడు. అప్పటికే మనవడు కంపెనీ పగ్గాలు పట్టి ఒప్పందానికి స్వస్తి చెప్పాడు. కంపెనీ అదే పద్ధతితో సొంత ట్రాక్టరు తీసి సొంత ఏజంట్ల ద్వారా అమ్మకాలు మొదలెట్టింది. ఫెర్గూసన్ 1948 జనవరిలో 25 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం కోరుతూ దావా వేశాడు. నాలుగేళ్లు నడిచాక 1952 ఏప్రిల్‌లో 92 లక్షల 50 వేల డాలర్లకు రాజీ కుదిరింది. కోటీశ్వరుడు కోటీశ్వరుణ్ణి కోర్టుకు ఈడ్చి ఎంతో కొంత రాబట్టుకున్నాడు. నోటి మాట మీద ఏడాది జీతానికి కుదిరి, సుగ్గి అయ్యాక మోసపోయిన పాలేరు ఏ కోర్టుకు పోవాలి? ఈ దావా కథ చదివినప్పుడు మాకు ముందు తోచేది అదే.

ఈ గొడవ నడుస్తుండగానే ఇంగ్లండులోని కవెంట్రీలో 1946 నుంచి అతని బూడిద రంగు చిన్న ట్రాక్టరు తయారవుతోంది. 1956 దాకా 5 లక్షలకు పైగా బయటికి వచ్చాయి. బరువు టన్నుకు కొంచెం ఎక్కువ. ఎంత మొండిదంటే, 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ బృందం కొద్ది మార్పులు చేసిన ఆ ట్రాక్టర్ల మీదే దక్షిణ ధ్రువం చేరింది. తోలడం, బాగుచేయడం నేర్పడానికి కంపెనీ శిక్షణ కేంద్రం నడిపింది.

1953లో ఫెర్గూసన్ తన వ్యాపారాన్ని కెనడాకు చెందిన మాసీ-హారిస్ కంపెనీలో కలిపేశాడు. ధరలో 10 లక్షల డాలర్ల తేడా వస్తే నాణెం ఎగరేసి తేల్చుకున్నారు, ఫెర్గూసన్ ఓడాడు. ఫ్యాక్టరీలో బోల్టులు బిగించే కార్మికులకు ఆ ఆటలో చోటు లేదు. మరుసటి ఏడాదే అతను ఆ కంపెనీ నుంచి తప్పుకున్నాడు. 1960 అక్టోబరు 25న ఇంగ్లండులో తన ఇంట్లో చనిపోయాడు. అదే 1960లో మద్రాసులో స్థాపించిన టాఫే కంపెనీ మాసీ ఫెర్గూసన్ ట్రాక్టర్లను మన దేశంలో తయారుచేయడం మొదలుపెట్టింది. మనవాళ్లు మాసీ అని పిలిచే బండి పేరులో సగం ఇతనిదే.

అతను అడగని ప్రశ్న

చిన్న రైతుకు చిన్న యంత్రం అందితే పంట ఖర్చు తగ్గుతుంది, తిండి చవకవుతుంది, పేదరికం పోతుంది - ఇది ఫెర్గూసన్ నమ్మకం. యంత్రం తన వంతు చేసింది. పేదరికం పోలేదు. ఎందుకు? యంత్రం ఎవరిది అనే ప్రశ్న అతను అడగలేదు గనుక. ట్రాక్టరు దిగిన ఊళ్లో అరక దున్నే జీతగాడికి పని పోయింది. ఎకరమో రెండెకరాలో ఉన్న రైతు, కౌలుదారు గంటకింతని బాడుగ కట్టి దున్నించుకుంటున్నారు. అప్పు చేసి ట్రాక్టరు కొన్నవాడిలో చాలామందికి కిస్తీల భయం. యంత్రం మీద కోపం పెట్టుకుంటే లాభం లేదు. దాని మీద అదుపు ఎవరిదో చూడాలి.

ఇప్పుడు ఇంకో అడుగు ముందుకు పడింది. మేడి పట్టిన చేతి తెలివి స్ప్రింగులోకి పోయినప్పుడు, కనీసం ఆ స్ప్రింగును విప్పి చూడగలిగేవాళ్లం. కొత్త పెద్ద యంత్రాల్లో అది కంప్యూటరు పెట్టెలోకి పోయింది. పెట్టె తాళం కంపెనీ దగ్గరే. అమెరికాలో రైతులు దీనిమీద ఏళ్లతరబడి పోరాడారు. కొలరాడో రాష్ట్రంలో 2023లో చట్టం వచ్చి 2024 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. వ్యవసాయ యంత్రం అమ్మిన కంపెనీ విడిభాగాలూ, పనిముట్లూ, రిపేరు పుస్తకాలూ రైతుకు ఇవ్వాలని అది చెబుతుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022లో రిపేరు హక్కు మీద ఒక కమిటీ వేసి, వ్యవసాయ యంత్రాలను అందులో చేర్చింది. కమిటీలు వేస్తే సరిపోదు, కదిలించేవాళ్లు ఉండాలి.

మన చేతిలో ఉన్న పని

కొన్ని పనులకు చట్టం కోసం ఆగనక్కర్లేదు. పొద్దున్నే ఇంజన్ ఆయిలు, రేడియేటరు నీళ్లు చూడకుండా బండి తియ్యకూడదు. దుమ్ము దుక్కిలో ఎయిర్ క్లీనరును రోజూ చూడాలి. దుమ్ము తాగిన ఇంజన్ ఎక్కువ కాలం నిలవదు. దమ్ము చేశాక హైడ్రాలిక్ ఆయిలు పాలలాగా తెల్లగా మారితే నీరు చేరిందన్నమాట. వెంటనే మార్చి, నీరు ఎక్కడ దిగుతోందో కనిపెట్టాలి.

అన్నిటికంటే ముఖ్యం ప్రాణం. బరువును ఎప్పుడూ కింద ఉన్న డ్రాబారుకే కట్టాలి. పై చెయ్యి తగిలించే చోటికి గొలుసు కట్టి లాగితే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది. ఫెర్గూసన్ వద్దనుకున్న చావును మనమే కొనితెచ్చుకున్నట్టు. బురదలో దిగబడితే వెనక చక్రాలకు దుంగ కట్టి తోలడమూ అంతే ప్రమాదం. వెనక తిరిగే షాఫ్టుకు మూత లేకుండా యంత్రం ఆడించవద్దు. కండువా, చీర కొంగు చిక్కుకుంటే ఇంజన్ ఆపే వ్యవధి కూడా ఉండదు. మూత లేని యంత్రం మీద పనిచేయమని ఆసామి అంటే చేయమని చెప్పడం కూలీ హక్కు. ఒక్కడు చెబితే పని పోతుంది, పదిమంది చెబితే మూత వస్తుంది.

ప్రతి ఊళ్లో కూలి సంఘాలు చేయదగ్గ పని ఇంకొకటుంది. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లకు, వీలైతే ఆడపిల్లలకూ, ట్రాక్టరు రిపేరు నేర్పించాలి. ప్రభుత్వ సబ్సిడీతో నడిచే యంత్రాల అద్దె కేంద్రాల్లో కౌలుదారులకూ కూలీ సంఘాలకూ వాటా అడగాలి. కంపెనీలు రిపేరు పుస్తకం తెలుగులో ఇవ్వాలని పట్టుబట్టాలి. దున్నే తెలివి ఒకప్పుడు మన అరచేతిలోదే. అది యంత్రంలోకి పోయింది కాబట్టి ఆ యంత్రం విప్పే పానా కూడా మన చేతికే రావాలి.