ముల్లు చుట్టూ చేరిన కణాలు

బొద్దింక నలిగితే ఎర్ర రక్తం రాదేమని పిల్లలు అడుగుతుంటారు. కీటకాల రక్తానికి ఆక్సిజన్ మోసే పని లేదు, అందుకే ఎరుపు ఉండదు. అయినా రోగక్రిములను మింగే కణాలు అందులోనూ ఉంటాయి. అలాంటి కణాల పని ఏమిటో లోకానికి చెప్పిన ఇల్యా మెచ్నికాఫ్ జీవితాన్ని ఈ వారం మేము పరిచయం చేస్తున్నాం.

ఆయన 1845లో నేటి ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ దగ్గర పుట్టారు. నాలుగేళ్ల యూనివర్సిటీ చదువును రెండేళ్లలో ముగించి, తర్వాత ఒడెస్సాలో ప్రొఫెసరయ్యారు. 1873లో తొలి భార్య లుద్మిలా క్షయతో కన్నుమూశారు. ఆ దుఃఖం ఆయన్ను కుంగదీసింది. 1879 నాటికి, గోధుమ పైరును పాడుచేసే పెంకుపురుగులకు బూజు రోగం అంటించి అదుపు చేయవచ్చని ప్రయోగాలు చేశారు.

1882లో ఉద్యోగం వదిలి ఇటలీలోని మెస్సీనా చేరారు. ఒకరోజు ఇంట్లోవాళ్లంతా సర్కస్‌కు వెళ్లారు. ఆయన ఒక్కరే ఉండి నక్షత్రచేప లార్వాను మైక్రోస్కోపులో చూస్తున్నారు. దాని ఒళ్లు గాజులా ఉంటుంది, లోపల కదిలే కణాలు కనిపిస్తాయి. ఇవి శరీరాన్ని కాపాడే కాపలాదారులేమో అనిపించింది. తోటలోని గులాబీ ముల్లు తెచ్చి గుచ్చారు. తెల్లారేసరికి ముల్లు చుట్టూ కణాలు మూగి ఉన్నాయి.

వాటికి గ్రీకు మాటలతో ఫాగోసైట్ అని పేరు పెట్టారు. మన పుస్తకాల్లో భక్షక కణాలు అవే. తర్వాత డాఫ్నియా అనే చిన్న నీటి జీవిలో బూజుకూ ఈ కణాలకూ జరిగే పోరు చూశారు. కణాలు గెలిస్తే జీవి బతికేది, ఓడితే చచ్చేది.

అయినా చాలామంది శాస్త్రవేత్తలు ఒప్పుకోలేదు. క్రిములను చంపేది రక్తంలోని ద్రవమేనన్నారు. 1888లో పాశ్చర్ ప్యారిస్‌లో ఆయనకు చోటిచ్చారు. 1908లో నోబెల్ బహుమతిని ఆయనకూ, ద్రవం పక్షాన నిలిచిన పాల్ ఎర్లిక్‌కూ కలిపి ఇచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఆయన 1916లో మరణించారు.

కీటకాలకు మనలాగా యాంటీబాడీలు లేవు. వాటి రక్తకణాలు బ్యాక్టీరియాను మింగేస్తాయి. గొంగళిపురుగులో కందిరీగ జాతి పురుగు గుడ్డు పెడితే, అది మింగలేనంత పెద్దది కనుక పొరలు పొరలుగా చుట్టేస్తాయి. మెస్సీనాలో ముల్లుకు జరిగినట్టే.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మా మనవి ఒకటే. భక్షించడమంటే తినడమని ముందు తెలుగులో విడమరచండి. ఫాగోసైట్ అన్న పరీక్ష మాట ఆ తర్వాత పిల్లలకు బరువనిపించదు.