నాయకురాలు నాగమ్మ

పండ్రెండవ శతాబ్ది ఉత్తరార్ధమున గురజాల కొలువులో ఒక స్త్రీ మంత్రిపదవి వహించి, రాజును రాజ్యమును తన కనుసన్నల నడపినది. ఆమె పేరు నాగమ్మ. ప్రజలామెను నాయకురాలనిరి. ఆ పేరు చెప్పగనే నేటికిని పలువురకు కుట్రలు, విషము, మంత్రతంత్రములు స్ఫురించును. ఆ కథను మనకందించిన గాయకులు ఆమె ప్రత్యర్థియైన బ్రహ్మనాయుని వీరులను పూజించువారన్న సంగతి మాత్రము అంతగా స్ఫురింపదు.

నాగమ్మ రెడ్డి కుటుంబమున పెరిగినది. గురజాల ప్రాంతమందలి జిట్టగామాలపాడు ఆమె ఊరు. చిన్నతనముననే వైధవ్యము ప్రాప్తించెనందురు. పల్నాటి ప్రభువైన అనుగురాజు పరివారముతో ఆ దారిని రాగా ఆమె పందిళ్లు వేయించి, అన్నపానీయములిచ్చి ఆదరించి, ప్రతిఫలముగా ఏడు ఘడియల మంత్రిత్వము కోరెనట. ఘడియకు 24 నిమిషముల లెక్కన అది మూడు గంటలైనను నిండదు. ఆ వ్రాతను భద్రముగా దాచి, అనుగురాజు కుమారుడు నలగామరాజు ఏలుబడిలో బయటపెట్టి ఆమె అధికారము చేపట్టినది. ఏడు ఘడియలు గడచినవి గాని అధికారము ఆమె చేయి విడువలేదు.

బ్రహ్మనాయుడు వైష్ణవుడు, చాపకూడు పేర అన్ని కులములవారిని ఒక్కచాపపై కూర్చుండబెట్టి భోజనము పెట్టించినవాడు. నాగమ్మ శైవురాలు. ఇరువురకును పొసగలేదు. రాజ్యము రెండైనది: గురజాలలో నలగాముడు, మాచెర్లలో అతని సవతితమ్ముడు మలిదేవుడు. పిమ్మట కోడిపందెము వచ్చినది. బ్రహ్మన్న కోడి చిట్టిమల్లు ఓడినది, నాగమ్మ కోడి శివంగిడేగ గెలిచినది. మలిదేవుని పక్షమువారు ఏడేండ్లు దేశము విడిచి పోవలసివచ్చినది. మోసమని కథ చెప్పినది; జనుల నోట అది మంత్రబలము కూడ అయినది. మగవాడట్లు గెలిచినచో బుద్ధిబలమనియుందురేమో! ముద్రారాక్షస నాటకములోని చాణక్యుడు విషకన్యచేత పర్వతకుని చంపించినను మనమతనిని నీతికోవిదుడనియే పిల్లలకు బోధించుచున్నాము గదా.

గడువు తీరినపిదప మలిదేవుని రాజ్యభాగమును కోరుటకై అలరాజు గురజాలకు రాయబారము వచ్చెను. అతడు నలగామరాజునకు స్వయముగా అల్లుడు. తిరుగుప్రయాణమున చర్లగుడిపాడులో విషప్రయోగముచే మరణించెను. భార్య పేరిందేవి అతనితో సహగమనము చేసినది. సంధికి మిగిలియున్న ఒక్క ద్వారమును మూసికొనిపోయినది.

ఇటలీలో 1929 లో మొండడోరి ప్రచురణసంస్థవారు పసుపుపచ్చని అట్టలతో అపరాధపరిశోధక నవలలు వెలువరింపగా, పసుపుపచ్చ అను అర్థముగల ‘జాల్లో’ అన్న మాటయే అట్టి హత్యాకథలకును, తరువాత వచ్చిన చలనచిత్రములకును పేరైనది. మనోభ్రాంతిని, క్షుద్రవిద్యను కలిపి భయపెట్టు ఆ చిత్రములలో సాధారణముగా హంతకులెవరో కడపటివరకు తెలియదు. పల్నాటి కథ దీనికి విరుద్ధము. అలరాజు శవము చల్లారకమునుపే తీర్పు జరిగిపోయినది: చంపించినది నాగమ్మ. ఆమెపై అనుమానము రాకుండుట కష్టమే. రాజ్యభాగము తిరిగి ఇచ్చుట ఆమెకు ఇష్టము లేదు. కాని పల్నాటి వీరచరిత్రను ద్విపదగా రచించిన శ్రీనాథుడు పదునైదవ శతాబ్దివాడు. నడుమ రెండువందల ఏండ్లకు పైగా ఆ నేరము వీరగాథలు పాడువారి నోట పెరుగుచువచ్చినది. చరిత్ర విద్యార్థులు ఈ కాలవ్యవధిని మరువరాదు.

తరువాత కారెంపూడివద్ద నాగులేటి ఒడ్డున యుద్ధము జరిగినది. దానిని సాధారణముగా 1182 ప్రాంతమున జరిగినట్లు చెప్పుదురు. బ్రహ్మన్న కుమారుడు బాలచంద్రుడు, పెంపుడుకొడుకు మాల కన్నమదాసు మొదలైన వీరులు ఆ కథలో చిరస్మరణీయులైరి. విజయము దక్కినను బ్రహ్మన్న నాగమ్మను చంపక విడిచిపుచ్చెనని కథ. ఆయన గుత్తికొండ బిలము ప్రవేశించెనందురు.

చలనచిత్రములు మాత్రమామెను విడిచిపుచ్చలేదు. 1947 నాటి పల్నాటి యుద్ధములో కన్నాంబ, 1966 నాటి దానిలో భానుమతి నాగమ్మ పాత్ర ధరించిరి.

కారెంపూడిలో ఏటేట కార్తిక అమావాస్య మొదలుకొని అయిదు దినములు వీరుల తిరునాళ్లు జరుగును. వీరుల ఆయుధములను నాగులేటికి కొనిపోయి స్నానము చేయింతురు. నాలుగవనాడు కోడిపోరు. ఆనాడు నాగమ్మ కోడియు, బ్రహ్మన్న కోడియు మరల ఎదురెదురుగా నిలుచును.