సుగ్రా హుమాయూన్ మీర్జా

సుగ్రా హుమాయూన్ మీర్జా (మరణం: 1958) ఉర్దూ రచయిత్రి, పత్రికా సంపాదకురాలు, సంఘ సంస్కర్త. హైదరాబాదు సంస్థానంలో ముఖానికి ముసుగు లేకుండా బయటకు వచ్చిన తొలి ముస్లిం మహిళగా ఈమెను పేర్కొంటారు.

బాల్యం, వివాహం

సుగ్రా బేగం 1880వ దశకం తొలి అర్ధభాగంలో హైదరాబాదులో జన్మించింది. తండ్రి సఫ్దర్ అలీ నిజాం సైన్యంలో వైద్యుడు, తల్లి మరియం బేగం. ఈమె ఇంటివద్దనే ఉర్దూ, పర్షియన్ భాషలు నేర్చుకుంది. 1901లో పాట్నాకు చెందిన బారిష్టరు సయ్యద్ హుమాయూన్ మీర్జాతో వివాహమైంది. హైదరాబాదులోని హుమాయూన్ నగర్‌కు ఆయన పేరే వచ్చింది.

నాటి పరదా పద్ధతి

హైదరాబాదులో పరదాగా, ఆంధ్ర ప్రాంతంలో ఘోషాగా వ్యవహరించిన ఈ పద్ధతి కేవలం వస్త్రధారణకు సంబంధించినది కాదు. ఒంటిని కప్పే బురఖా, ముఖాన్ని కప్పే నఖాబ్‌లతో పాటు ఇంటిలో జనానా, ప్రయాణానికి తెరలు కట్టిన వాహనాలు ఇందులో భాగాలు. సంపన్న కుటుంబాలలో ఇది గౌరవచిహ్నం. ఘోషా పాటించే స్త్రీలు పురుష వైద్యులకు కనబడరు కనుక మద్రాసు, విశాఖపట్నం వంటి పట్టణాలలో వారికోసం ఘోషా ఆసుపత్రులు వెలిశాయి. చదువు విషయంలోనూ ఇదే అడ్డంకి ఉండేది.

సంఘసేవ

సుగ్రా ముసుగును విడిచినప్పటికీ, పరదాలో ఉన్న స్త్రీలను విడిచిపెట్టలేదు. వారు రాగలిగిన చోట, అనగా స్త్రీలకే పరిమితమైన సభలలో, పనిచేసింది. 1919లో అంజుమన్-ఎ-ఖవాతీన్-ఎ-దక్కన్ అనే మహిళా సంఘాన్ని స్థాపించింది. గడప దాటలేని పాఠకురాలికి పత్రిక చేరగలదు. హైదరాబాదు నుండి అన్నిసా పత్రికకు, తరువాత లాహోరు నుండి వెలువడిన జేబున్నిసాకు ఈమె సంపాదకత్వం వహించింది.

1934లో సఫ్దరియా బాలికల పాఠశాలను ఉర్దూ మాధ్యమంలో నెలకొల్పి, తన ఆస్తిని దానికి ధారపోసింది. సంతానం లేని ఈమె తరువాత కూడా ఆ పాఠశాల కొనసాగింది.

రచనలు

మోహిని, ముషీర్-ఎ-నిస్వాన్, సర్‌గుజష్త్-ఎ-హాజిరా ఈమె రచనలలో ముఖ్యమైనవి. ఐరోపా, ఇరాక్ యాత్రల గురించి యాత్రాగ్రంథాలు కూడా రచించింది. ఈమె కలంపేరు హయా. ఉర్దూలో ఈ పదానికి సిగ్గు, మర్యాద అని అర్థం. ముసుగు తీసినంత మాత్రాన మర్యాద పోదన్న విశ్వాసం ఈమె జీవితమంతటా కనిపిస్తుంది.