ఇసుకతో కాటన్ దొర గొడవ

ఆనకట్ట కట్టినాయనగా కాటన్ దొర అందరికీ తెలుసు. నాకు మాత్రం ఆయన జీవితమంతా ఇసుకతో గొడవలాగే కనిపిస్తుంది.

1803లో ఇంగ్లండులో పుట్టాడు. కుర్రాడిగానే మద్రాసు వచ్చి, పాంబన్ దగ్గర ఓడలు వెళ్లే దారి సర్వే చేశాడు. అప్పటికి ఇంచుమించు నా వయసే! తర్వాత కావేరి. అక్కడ కల్లణై దగ్గర మేటవేసిన ఇసుక కొట్టుకుపోయేలా తూములు పెట్టించాడు. ఇసుక మీద కట్టడం ఎలా నిలుస్తుందో కూడా ఆ పాత ఆనకట్ట దగ్గరే నేర్చుకున్నాడు. ఎప్పుడో చోళులు కట్టింది, ఆయనకి కాలేజీ అదే అనాలి.

ఆ చదువుతోనే గోదావరికొచ్చాడు. ధవళేశ్వరం పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఇక్కడా ఇసుకని కిందికి తోసే తూములున్నాయి. విజ్జేశ్వరం నుంచి కాలవ నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరొచ్చి కృష్ణా కాలవతో కలిసింది. నీళ్లతోపాటు పడవలూ నడిచాయి. రైలుకన్నా పడవే చవకని ఆయన పెద్దలతో ఏళ్లతరబడి వాదించాడు, నెగ్గలేదు. 1899లో పోయాడు.

పడవలు పోయాయి, పూడిక మిగిలింది. ఏటి ఇసుకని తూములు తోస్తాయి గానీ, కాలవలో ఒండ్రు, గుర్రపుడెక్క వేసవిలో నీళ్లు కట్టేసినప్పుడు మనుషులే తియ్యాలి. తియ్యకపోతే శివారు చేలకి నీళ్లందవు. అదే ఉప్పుటేరు పూడితే కొల్లేటి ఊళ్లలోకి నీళ్లొస్తాయి.