సామాన్యుని కథకు పట్టము గట్టిన విటోరియో డి సికా

చలనచిత్రమనగానే పాటలు, పోరాటాలు, ఆడంబరమైన దుస్తులు మన మనస్సులో మెదలడం సహజము. ఒక సైకిలు పోవడము, ఒక వృద్ధుడు గది అద్దె చెల్లించలేకపోవడము వంటి చిన్న విషయాలే గొప్ప చిత్రాలకు వస్తువులు కాగలవని నిరూపించిన కళాకారుడు ఇటలీ దేశపు దర్శకుడు విటోరియో డి సికా. ఆయన చిత్రాలలో కొన్నింటిని ఇంటిలో చిన్న తెరపై, పెద్దలతోను పిన్నలతోను కలసి చూశాము. ఆయన జీవితమును, ఆ చిత్రాలు మాలో కలిగించిన భావాలను విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాము.

డి సికా 1901 జూలై 7న సోరా పట్టణములో జన్మించారు. తండ్రి ఉంబెర్తో బ్యాంకు గుమాస్తా. 1920 దశకములో రంగస్థల నటుడుగా ప్రవేశించి, 1932 నాటికి సినిమాలలో ప్రజలు మెచ్చిన అందాల నాయకుడైనారు. 1940లో దర్శకత్వము చేపట్టారు. సుఖముగా సాగిపోతున్న ఆ జీవితాన్ని యుద్ధకాలపు దైన్యము మలుపు త్రిప్పింది. రచయిత జవత్తీని స్నేహము అందుకు తోడైంది. బూట్లు తుడిచి పొట్ట పోసుకునే బాలురు చెరసాల పాలైన కథను 1946లో ‘షూషైన్’గా తీశారు.

1948లో వచ్చిన ‘బైసికిల్ థీవ్స్’ ఆయన కీర్తికి శిఖరము. నిరుద్యోగి ఆంటోనియోకు గోడలపై పోస్టర్లు అంటించే పని దొరికింది. దానికి సైకిలు తప్పనిసరి. భార్య ఇంటిలోని దుప్పట్లను కుదువబెట్టి, తాకట్టులోనున్న సైకిలును విడిపించింది. ఆ దుప్పట్ల మూటను పైకప్పు దాకా పేర్చిన లెక్కలేనన్ని మూటలలో ఒకటిగా సర్దడము చూచినప్పుడు, ఈ కష్టము ఒక్క ఇంటిది కాదని మాకు బోధపడింది. మొదటి దినముననే సైకిలు పోయింది. కుమారునితో రోము నగరమంతా గాలించి, చివరకు ఆ తండ్రియే మరొకరి సైకిలు దొంగిలించి పట్టుబడినాడు. కన్నకొడుకు ఎదుట అవమానము పొందిన తండ్రి చేతిని ఆ బాలుడు పట్టుకున్నప్పుడు మా ఇంటిలో ఎవరికీ మాట రాలేదు. అతడు దొంగయా, కాదా అని పిమ్మట సాగిన వాదము నేటికీ తేలలేదు.

ఒక అమెరికా నిర్మాత ప్రసిద్ధ నటుడు కేరీ గ్రాంట్‌ను నాయకునిగా పెట్టుకుంటే ధనమిస్తానన్నా డి సికా అంగీకరించలేదు. ఫ్యాక్టరీ కార్మికుడు మజ్జొరానీని ఎన్నుకున్నారు. చిత్రము లోకప్రసిద్ధమైనా, ఆ కార్మికుడు తరువాత తన ఉద్యోగమును పోగొట్టుకున్నాడు. తెరపై నటించిన నిరుద్యోగమే అతనికి బ్రతుకైంది. ఇది తెలిసిన పిదప ఆ చిత్రము మాకు మరింత బరువుగా తోచింది.

ఈ చిత్రము మన దేశముపైన కూడ ముద్ర వేసింది. 1950లో లండనులో దీనిని చూచిన సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’కి ప్రేరణ పొందారు. 1952లో భారతదేశములో జరిగిన తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవములో దీనిని చూచిన బిమల్ రాయ్, మరుసటి ఏడు ‘దో బిఘా జమీన్’ అందించారు.

తండ్రికి అంకితమిచ్చిన ‘ఉంబెర్తో డి’ 1952లో వచ్చింది. భిక్షకై చాచిన చేతిని, ఎవరో నాణెము వేయబోగానే, వాన పడుతున్నదేమో చూస్తున్నట్లు వృద్ధుడు త్రిప్పివేసే ఆ ఒక్క క్షణములో ఆత్మాభిమానమంటే ఏమో తెలుస్తుంది. ఈ చిత్రము ఆర్థికముగా విఫలమై, ప్రభుత్వ పెద్దల ఆగ్రహానికీ గురియైంది.

ఆయనలో లోపము లేకపోలేదు. జూదమునకు బానిసయై ఎంతో ధనము పోగొట్టుకున్నారు. అప్పులు తీర్చడానికి సామాన్యమైన చిత్రాలలో కూడ నటించారు. అయినను కళాజ్యోతి ఆరలేదు. 1970లో తీసిన ‘ది గార్డెన్ ఆఫ్ ది ఫింజీ-కాంటినీస్’లో 1938 నాటి జాతి చట్టాలు యూదులకు క్లబ్బు తలుపును, గ్రంథాలయపు తలుపును ఒక్కొక్కటిగా మూసివేసిన తీరు చూపారు. అల్పసంఖ్యాకులకై వెలసిన కళాశాలలో చదివే మనము ఆ చిత్రమును తప్పక చూడాలి. గ్రంథాలయపు తలుపు అందరికీ తెరచియుండడము ఎంతటి భాగ్యమో అది తెలుపుతుంది.

నాలుగు ఆస్కారు గౌరవాలు పొందిన డి సికా 1974 నవంబరు 13న పారిస్ సమీపములో కన్నుమూశారు. పేదవాడు మొదట పోగొట్టుకునేది ధనము కాదు, మర్యాద. దానిని అతనికి తిరిగి ఇవ్వడమే కళ ధర్మమని ఆయన చిత్రాలు మాకు నేర్పినవి.