లెక్కలు గిట్టని గదాధరుడు చెప్పిన కథలు

బెంగాల్‌లోని హుగ్లీ జిల్లాలో కామార్పుకూర్ అనే పల్లె ఉంది. 1836 ఫిబ్రవరి 18న అక్కడ ఖుదీరామ్, చంద్రమణి దంపతులకు పుట్టిన గదాధరుడే తర్వాత రామకృష్ణ పరమహంసగా ప్రసిద్ధుడయ్యాడు. ఊళ్లో లాహాల ఇంటి ముందు మండపంలో బడి నడిచేది. అక్కడ చదవడం, రాయడం వచ్చాయి కానీ లెక్కలంటే పిల్లవాడికి గిట్టేది కాదు. (లెక్కల్లో వెనకబడ్డ పిల్లలకు దీన్ని సాకుగా ఇవ్వడం మా ఉద్దేశం కాదు!) ఆ పిల్లవాడు బడి బయట ఎక్కడ చదువుకున్నాడన్నదే మాకు ముఖ్యం.

పూరీ వెళ్లే యాత్రికుల బాట ఆ ఊరి మీదుగా పోయేది. సత్రంలో దిగిన సాధువుల దగ్గర కూర్చుని గదాధరుడు కథలు వినేవాడు. పురాణం చెప్పేవాళ్లు, నాటకాలు ఆడేవాళ్లు వస్తే విన్నది మళ్లీ గొంతు మార్చి, అభినయించి ఊళ్లోవాళ్లకు వినిపించేవాడు. నాటకాల ప్రతులు చేత్తో రాసుకునేవాడు.

ఏడేళ్లప్పుడు తండ్రి పోయాడు. కలకత్తాలో సంస్కృత పాఠశాల పెట్టిన అన్న రామ్‌కుమార్ 1852లో తమ్ముణ్ని తన దగ్గరికి తెచ్చుకున్నాడు. పొట్టకూటి చదువు తనకు అక్కర్లేదన్నాడు తమ్ముడు. 1855లో రాణి రాసమణి దక్షిణేశ్వరంలో కాళీ ఆలయం ప్రతిష్ఠ చేయించినప్పుడు రామ్‌కుమార్ అక్కడ పూజారిగా చేరాడు. మరుసటి ఏడాది ఆయన చనిపోవడంతో అమ్మవారి సేవ గదాధరుడి మీద పడింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగిన సాధనల గురించి పెద్ద పుస్తకాలే ఉన్నాయి. ఈ పేజీలో మేం చెప్పదలచింది ఆయన నోటి కథల గురించి.

1875లో బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్‌తో పరిచయమైంది. ఆయన పత్రికల్లో రాయడంతో ఇంగ్లిష్ చదువుల కలకత్తా దక్షిణేశ్వరం దారి పట్టింది. 1882 ఫిబ్రవరిలో వచ్చినవారిలో మహేంద్రనాథ్ గుప్త ఒకరు. పట్టభద్రుడు, విద్యాసాగర్ నడిపే విద్యాసంస్థలో ప్రధానోపాధ్యాయుడు. భార్య ఎలాంటిదని పరమహంస అడిగితే, మంచిదే గానీ అజ్ఞాని అన్నారు మాస్టారు. అయితే నువ్వు జ్ఞానివా అన్నట్టు ఎదురు ప్రశ్న వచ్చింది. పుస్తకం చదివితే జ్ఞానం, చదవకపోతే అజ్ఞానం అనుకునే మనిషికి అది గట్టి దెబ్బే. మన స్టాఫ్ రూముల్లోనూ ఆ లెక్క ఇంకా చెల్లుతూనే ఉంది.

కొద్ది రోజులకే, నరేంద్రుడూ ఉన్న ఒక సభలో, నిందించేవాళ్లతో ఎలా మెలగాలన్న మాట వచ్చింది. పరమహంస కథ అందుకున్నారు. అంతటా నారాయణుడే ఉన్నాడని గురువు చెప్పగా విన్న శిష్యుడు కట్టెల కోసం అడవికి వెళ్లాడు. మదపుటేనుగు వస్తోంది, తప్పుకోమని మావటి అరుస్తున్నాడు. ఏనుగూ నారాయణుడే కదా అని శిష్యుడు నిలబడి దండం పెట్టాడు. ఏనుగు తొండంతో ఎత్తి విసిరేసింది. తెలివి వచ్చాక గురువు అడిగాడు: ఏనుగు నారాయణుడే, మరి మావటి నారాయణుడి మాట ఎందుకు వినలేదు?

ఆ వెంటనే పాము కథ. సాధువు మాట విని కరవడం మానేసిన పామును పిల్లలు రాళ్లతో కొట్టి, తోక పట్టి నేలకేసి బాదారు. కరవొద్దన్నాను గానీ బుస కొట్టొద్దన్నానా అని సాధువు మందలించాడు. ఒక కథ అతిగా నమ్మినవాడిది, ఇంకొకటి అతిగా మెత్తబడినవాడిది. తానెక్కడున్నాడో వినేవాడే చూసుకోవాలి. పరీక్ష కాగితంలో వీటికి ఒక వాక్యం నీతి రాయించి మార్కులు వేస్తే పోయేది ఆ చూసుకోవడమే.

ఆయన కథల్లో చేపలమ్మే ఆమె, పాలమ్మే ఆమె, చెరకు తోటకు నీళ్లు పెట్టే రైతు ఉంటారు. అద్వైతం చెప్పడానికి సముద్రం లోతు కొలవబోయి కరిగిపోయిన ఉప్పు బొమ్మ చాలింది. మాట్లాడింది కామార్పుకూర్ పల్లె బెంగాలీ. బి.ఏ.లు చదివినవాళ్లు దాని కోసమే పడవలెక్కి వచ్చారు. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో ఇంట్లో అమ్మమ్మ తెలుగును బడి దాకా రానివ్వడానికి జంకే తల్లిదండ్రులు ఈ సంగతి గుర్తుంచుకోవాలని మా కోరిక.

1885లో గొంతుకు క్యాన్సర్ వచ్చింది. మాట్లాడొద్దని చెప్పిన డాక్టర్ మహేంద్రలాల్ సర్కారే గంటల తరబడి కూర్చుని వినేవారు. గురువు దగ్గర ఎక్కువ సేపు గడపడం వల్లే బడి ఫలితాలు తగ్గాయన్న మాట పడి, మహేంద్రనాథ్ మాస్టారు ఉద్యోగం వదిలేశారు. ఇల్లు గడవని రోజులు చూసి, మళ్లీ బోధనలోనే కుదురుకున్నారు. 1886 ఆగస్టు 16న కాశీపూర్ తోట ఇంట్లో పరమహంస కన్నుమూశారు.

ఆయన తన చేత్తో ఒక్క కథా రాసి పెట్టలేదు. విన్న మాటలను మాస్టారు ఇంటికి వెళ్లి డైరీలో పొడి మాటలుగా రాసుకునేవారు. ఆ డైరీల నుంచే 1902లో బెంగాలీ కథామృతం తొలి సంపుటం వచ్చింది. 1907లో ఆయనే ఇంగ్లిష్‌లో రాసిన సంపుటం మద్రాసులో అచ్చయింది. మాస్టారు బడులు నడుపుతూనే ఆ డైరీలు విప్పుతూ పోయారు. ఐదో సంపుటం వెలువడిన 1932లోనే ఆయన పోయారు.