వడ్డీ లేని అప్పుకు బాట చూపిన పండితుడు డాక్టర్ హమీదుల్లాహ్ (రహ్మలై)

వడ్డీని అల్లాహ్ నిషేధించాడని ముస్లిములందరికీ తెలుసు. మరి అవసరం వచ్చినవాడు అప్పు కోసం ఎక్కడికి వెళ్ళాలి? జీవితమంతా ధర్మశాస్త్ర పరిశోధనలో గడిపిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ ఈ ప్రశ్ననూ వదిలిపెట్టలేదు.

ఆయన 1908లో హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివి, జర్మనీలోని బాన్‌లోనూ, పారిస్‌లోనూ డాక్టరేట్లు పొందారు. తిరిగివచ్చి ఉస్మానియాలోనే బోధించారు.

ఆ రోజుల్లో హైదరాబాదులో వడ్డీ లేని పరస్పర సహాయ సంఘాలు ఉండేవి. చిరుద్యోగులు తలా కొంత పొదుపు చేసి, అవసరమైనవారికి అప్పు ఇచ్చేవారు. తీసుకున్నవారు అసలు మాత్రమే వాయిదాల్లో తీర్చేవారు. హమీదుల్లాహ్ గారు ఈ సంఘాల గురించి రాసి, లోకానికి తెలియజేశారు.

వ్యాపారంలో లాభనష్టాలు రెండూ ఉంటాయి. వడ్డీలో మాత్రం నష్టభయమంతా అప్పు తీసుకున్నవాడి మీదే పడుతుంది. నిషేధానికి మూలం ఇక్కడ ఉందని ఆయన వివరించారు. అయితే నిషేధించి ఊరుకుంటే చాలదు, ప్రత్యామ్నాయం కూడా చూపాలన్నది ఆయన అభిప్రాయం. దివ్య ఖుర్‌ఆన్ (తౌబా: 60) జకాత్‌లో రుణగ్రస్తులకు వాటా నిర్ణయించింది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో బైతుల్‌మాల్ నుంచి వడ్డీ లేని అప్పులు ఇచ్చేవారు. వీటినే ఆయన ఆధారంగా చూపారు.

1948 తర్వాత ఆయన పారిస్‌లో స్థిరపడ్డారు. 1959లో ఖుర్‌ఆన్ ఫ్రెంచి అనువాదం ప్రచురించారు. పెళ్ళి చేసుకోలేదు, ఆస్తి కూడబెట్టలేదు. 2002 డిసెంబరు 17న అమెరికాలో పరమపదించారు.

సోదరులారా! ఇలాంటి సంఘాలకు అసలు పరీక్ష ఖర్చుల దగ్గరే వస్తుంది. గుమాస్తా జీతం, పుస్తకాల ఖర్చు ఎవరు భరించాలి? అప్పు తీసుకున్నవారి నుంచి అయిన ఖర్చు మేరకే రుసుము తీసుకోవచ్చనీ, అంతకు మించితే అది వడ్డీయేననీ 1986లో అమ్మాన్‌లో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. అప్పు మొత్తాన్ని బట్టి, గడువును బట్టి శాతం లెక్కన పెరిగే సేవా రుసుము పేరు మార్చుకున్న వడ్డీ కాదా? పేరు మారినంత మాత్రాన హరామ్ హలాల్ అయిపోదు.

మన దేశంలో ఇస్లామీ బ్యాంకింగ్ ప్రతిపాదనను ముందుకు తీసుకువెళ్ళబోమని రిజర్వు బ్యాంకు 2017లో తేల్చింది. కాబట్టి భారం మన మీదే ఉంది. పల్నాడులోని శావల్యాపురం లాంటి ఊళ్ళో పంట పెట్టుబడికి అప్పు వెతుక్కునే రైతుకు, ఆసుపత్రి ఖర్చుకు నగలు తాకట్టు పెట్టే తల్లికి ఉపన్యాసం ఒక్కటే సరిపోదు. మస్జిద్ జమాఅత్ పెద్దలు పూనుకుని, చట్టప్రకారం నమోదైన సంఘం పెట్టుకోవచ్చు. ప్రతి అప్పునూ రాసుకోవాలి, సాక్షులను పెట్టుకోవాలి (బఖర: 282). తీర్చలేని స్థితిలో ఉన్నవాడికి గడువివ్వాలి (బఖర: 280). తీర్చగలిగీ తాత్సారం చేయడం దౌర్జన్యమని తీసుకున్నవాడూ గుర్తుంచుకోవాలి.

అల్లాహ్ హమీదుల్లాహ్ గారిని కరుణించుగాక! వడ్డీ నుంచీ, వడ్డీ నీడ నుంచీ మనందరినీ కాపాడుగాక! ఆమీన్.